ఇస్లాం పుట్టుక, నమ్మకాలు, తొలి విస్తరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్న ప్రశ్నలు చాలావరకు క్రీ.శ. 570 నుంచి 750 దాకా నడిచిన కథకు సంబంధించినవి. ముస్లింలు విశ్వాసంగా చెప్పుకునేదాన్ని "నమ్ముతారు" అనీ, చరిత్రకారులు దాదాపుగా ఒప్పుకునేదాన్ని మామూలు వాక్యంగానూ రాశాను. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే సగం వాదనలు ఎటూ తేలవు.

ఇస్లాంకు ముందు అరేబియా ఎలా ఉండేది?

అక్కడ రాజు లేడు. ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఉత్తరాన కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలే బైజాంటిన్ క్రైస్తవ సామ్రాజ్యం, తూర్పున ఇరాన్‌ను ఏలే సాసానియన్లు. అరేబియా లోపలి ఎడారి మీద ఇద్దరికీ నేరుగా పట్టు లేదు. అక్కడంతా తెగల కట్టుబాటే. మనిషికి రక్షణ సొంత తెగే. తెగలో ఒకణ్ణి చంపితే పగ తీర్చుకునే బాధ్యత అందరిదీ. తెగ వదిలేసినవాణ్ణి ఎవరేం చేసినా అడిగే దిక్కు ఉండదు. ప్రవక్త జీవితంలో చాలా మలుపులు ఈ ఒక్కటి తెలిస్తేగానీ అర్థం కావు.

మక్కా పంటలు పండే నేల కాదు. జమ్‌జమ్ బావి, కాబా అనే పాత ఆలయం, వాటి కోసం వచ్చే యాత్రికులు, ఒంటెల బిడారులతో చేసే వ్యాపారం, ఇవే ఆ ఊరికి ఆధారం. ఖురైష్ తెగవాళ్లు చలికాలంలో ఒక దిక్కుకూ ఎండాకాలంలో మరో దిక్కుకూ బిడారులు నడిపేవాళ్లు. యెమెన్, సిరియాలే ఆ గమ్యాలని వ్యాఖ్యాతలు చెబుతారు. ఏడాదిలో నాలుగు నెలలు కొట్లాటలు నిషిద్ధం. ఆ నెలల్లో జాతరలు, సంతలు జరిగేవి. కాబాలో హుబల్ విగ్రహం ఉండేది. లాత్, ఉజ్జా, మనాత్ అనే దేవతలకు చుట్టుపక్కల వేరే గుళ్లు ఉండేవి.

వీళ్లందరి పైన అల్లాహ్ అనే సృష్టికర్త ఉన్నాడని మక్కావాళ్లకు అప్పటికే తెలుసు. యస్రిబ్, ఖైబర్‌లలో యూదులు, నజ్రాన్‌లో క్రైస్తవులు ఉండేవాళ్లు. కాబట్టి ఒక్కడే దేవుడన్న మాట అరబ్బులు ఎన్నడూ విననిది కాదు. మిగతా దేవుళ్లందరినీ వదిలేయాలనడం దగ్గరే పేచీ వచ్చింది.

ముహమ్మద్ ప్రవక్త ఎవరు?

570 ప్రాంతంలో మక్కాలో, ఖురైష్ తెగకు చెందిన హాషిం వంశంలో పుట్టారు. తండ్రి అబ్దుల్లా ఆయన పుట్టకముందే పోయారు. ఆరేళ్ల వయసులో తల్లి ఆమినా, ఇంకో రెండేళ్లకు తాత అబ్దుల్ ముత్తలిబ్ పోయారు. ఆ తర్వాత పెంచింది పెదనాన్న అబూ తాలిబ్. ఖదీజా అనే వ్యాపారి సరుకు తీసుకుని సిరియా వెళ్లొచ్చారు. ఆయన నిజాయితీ నచ్చి ఆవిడే పెళ్లి ప్రస్తావన తెచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవై అయిదేళ్లు. ఆవిడ వితంతువు, సంప్రదాయం ప్రకారం నలభై ఏళ్లావిడ. ఆవిడ బతికి ఉన్నంతకాలం ఆయన మరో పెళ్లి చేసుకోలేదు.

హిరా గుహలో ఏం జరిగింది?

నలభై ఏళ్ల వయసులో, 610లో, రంజాన్ నెలలో మక్కా బయటి కొండ మీద ఏకాంతంలో ఉండగా జిబ్రయీల్ దూత కనిపించి "చదువు" అని ఆజ్ఞాపించాడని ముస్లింలు నమ్ముతారు. ఖురాన్ 96వ సూరా (అధ్యాయం) మొదటి వాక్యాలు అవే. సంప్రదాయ గ్రంథాలు ఆ రాత్రిని గొప్ప విజయంలా చెప్పవు. ఆయన వణికిపోతూ ఇంటికొచ్చి తన మీద దుప్పటి కప్పమన్నారు. తనకేమైనా అయిందేమోనని భయపడ్డారు. ధైర్యం చెప్పింది ఖదీజాయే. క్రైస్తవ గ్రంథాలు తెలిసిన తన బంధువు వరఖా దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆవిడే. ఇస్లాంను మొదట నమ్మిన వ్యక్తి ఒక స్త్రీ అనే సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ తర్వాత పెదనాన్న కొడుకు అలీ, పెంపుడు కొడుకు జైద్, స్నేహితుడు అబూ బకర్.

మక్కా పెద్దలకు అంత కోపం ఎందుకొచ్చింది?

విగ్రహాల మీద వచ్చే ఆదాయం పోతుందని భయపడ్డారని తేలిగ్గా చెప్పేస్తుంటారు. అది ఒక కారణమే. తాతముత్తాతలు నమ్మింది తప్పు అనడం తెగ పరువుకు దెబ్బ. అనాథల సొమ్ము తినొద్దు, తూకంలో మోసం చేయొద్దు, ఆడపిల్లల్ని పాతిపెట్టొద్దు, చచ్చాక లెక్క చెప్పాలి అన్న మాటలు ఊళ్లో ఆస్తిపరులకు నేరుగా తగిలాయి. పైగా ఒక వంశంలోంచి ప్రవక్త వచ్చాడని ఒప్పుకుంటే మిగతా వంశాలు దాని కింద ఉండాల్సి వస్తుంది.

వెనక తెగ బలం లేనివాళ్ల మీదే ముందు దెబ్బ పడింది. బిలాల్ అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా ప్రాంతం) మూలాలున్న బానిస. యజమాని అతణ్ణి మధ్యాహ్నం ఎండలో కాలే ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండ పెట్టించేవాడు. బిలాల్ "అహద్, అహద్" అంటే "ఒక్కడే, ఒక్కడే" అని మాత్రం అనేవాడట. అబూ బకర్ అతణ్ణి కొని విడిపించారు. సుమయ్యా అనే ఆవిణ్ణి చంపేశారు. 615 ప్రాంతంలో కొందరు ఎర్రసముద్రం దాటి అబిసీనియాలోని క్రైస్తవ రాజును ఆశ్రయించారు. అక్కడి కొలువులో జాఫర్ అనే యువకుడు ఖురాన్‌లోని మర్యమ్ సూరాను చదివి వినిపించాడని, రాజు వాళ్లను మక్కావాళ్లకు అప్పగించలేదని సంప్రదాయం.

ప్రవక్త మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేకపోయారు, ఎందుకంటే పెదనాన్న అండ ఉంది. అబూ తాలిబ్ ఇస్లాం స్వీకరించకుండానే పోయారని సున్నీలు, విశ్వాసిగానే పోయారని షియాలు అంటారు. ఏదేమైనా కొడుకులాంటివాణ్ణి ఆయన వదల్లేదు. 619లో ఆయనా, ఖదీజా కొద్దికాలం తేడాతో పోయారు. ఆ తర్వాత మక్కాలో బతకడం కష్టమైపోయింది.

హిజ్రత్ అంటే ఏమిటి? హిజ్రీ సంవత్సరం అక్కడి నుంచే ఎందుకు?

యస్రిబ్‌లో ఔస్, ఖజ్రజ్ అనే రెండు తెగలు ఏళ్ల తరబడి కొట్టుకుని అలసిపోయాయి. రెండు పక్షాలకూ చెందని పెద్దమనిషి వాళ్లకు కావలసి వచ్చాడు. ప్రవక్తను రమ్మన్నారు, కాపాడతామని మాటిచ్చారు. 622లో ఆయన, అబూ బకర్ కలిసి సౌర్ గుహలో మూడు రాత్రులు దాక్కుని అక్కడికి చేరారు. ఆ వలసే హిజ్రత్. ఆ ఊరే తర్వాత మదీనా అయింది. పుట్టిన తెగను వదిలి విశ్వాసం పేరుతో కొత్త సముదాయం కట్టుకోవడం ఆ సమాజంలో ఊహకందని పని. అందుకే రెండో ఖలీఫా (ప్రవక్త తర్వాత ముస్లింల పాలకుడు) ఉమర్ కాలంలో కొత్త లెక్క పెట్టినప్పుడు ప్రవక్త పుట్టిన ఏడాదిని కాకుండా వలస వెళ్లిన ఏడాదిని మొదటిదిగా తీసుకున్నారు.

హిజ్రీ పూర్తిగా చాంద్రమానం, ఏడాదికి 354 లేదా 355 రోజులు. మనకున్నట్టు అధికమాసం ఉండదు. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఒకసారి మే ఎండల్లో, ఒకసారి డిసెంబరు చలిలో వస్తుంది. 1591లో హైదరాబాద్‌లో చార్మినార్ కట్టిన కాలానికి హిజ్రీ 1000 వచ్చింది.

మదీనాలో ప్రవక్త ఏం చేశారు?

మతబోధకుడితో పాటు న్యాయమూర్తి, సేనాని, పాలకుడు అయ్యారు. వలస వచ్చినవాళ్లు, స్థానిక ముస్లింలు, యూదు తెగలు కలిసి ఊరిని కాపాడుకోవాలని, ఎవరి మతం వారిదని ఒక ఒప్పందం రాయించారు. దాని పాఠం ఇప్పటికీ దొరుకుతుంది. చాలామంది చరిత్రకారులు దాన్ని నిజమైనదిగానే భావిస్తారు.

తర్వాత యుద్ధాలు. 624లో బద్ర్ దగ్గర మూడు వందల పైచిలుకు ముస్లింలు తమకు మూడింతలున్న మక్కా సేనను ఓడించారు. 625లో ఉహుద్ దగ్గర విలుకాళ్లు దోపుడు సొమ్ము కోసం చోటు వదిలి పరుగెత్తడంతో చావుదెబ్బ తిన్నారు. 627లో మక్కావాళ్లు పెద్ద కూటమితో వచ్చినప్పుడు పారశీకుడైన సల్మాన్ సలహాతో ఊరికి రక్షణ లేని ఉత్తరం వైపు గుర్రాలు దాటలేని కందకం తవ్వారు. అరబ్బులకు అది కొత్త ఎత్తు. ముట్టడి వీగిపోయింది.

యూదు తెగలతో సంబంధాలు నిలవలేదు. రెండు తెగల్ని ఊరి నుంచి పంపేశారు. కందక యుద్ధంలో శత్రువులతో చేతులు కలిపారన్న ఆరోపణ మీద బనూ ఖురైజా మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లల్ని బానిసలుగా తీసుకున్నారని ముస్లిం చరిత్ర గ్రంథాలే రాశాయి. ఎంతమంది అన్నదాని మీద, ఆ వివరాల మీద పండితుల్లో వాదాలున్నాయి. ఈ ఘట్టాన్ని దాచేయడం, దీనొక్కదాన్నే పట్టుకుని మొత్తం కథ ఇదే అనడం, రెండూ సరికాదు.

మక్కాను యుద్ధం చేసి గెలిచారా?

దాదాపుగా చేయకుండానే. దానికి దారి వేసింది 628 నాటి హుదైబియా ఒప్పందం. ప్రవక్త అనుచరులతో యాత్రకు బయల్దేరితే మక్కావాళ్లు ఊరి బయటే ఆపేశారు. ఒప్పందం రాస్తున్నప్పుడు "దేవుని ప్రవక్త ముహమ్మద్" అన్న మాట దగ్గర మక్కా ప్రతినిధి సుహైల్ అడ్డుపడ్డాడు. నిన్ను ప్రవక్త అని ఒప్పుకుంటే ఇక గొడవ ఎందుకు, నీ పేరూ నీ తండ్రి పేరూ రాయించు అన్నాడు. రాస్తున్న అలీకి ఆ మాట చెరపడానికి చెయ్యి రాలేదు. ప్రవక్తే తీయించి "అబ్దుల్లా కుమారుడు ముహమ్మద్" అని రాయించారు. ఈసారికి వెనక్కి పోవాలి, వచ్చే ఏడాది రావచ్చు, పదేళ్లు యుద్ధం వద్దు అన్నవి షరతులు. ఉమర్ లాంటివాళ్లు ఇది అవమానమని మండిపడ్డారు. నా దృష్టిలో ప్రవక్త రాజకీయ జీవితంలో ఇంతకన్నా తెలివైన అడుగు లేదు. ఆ తర్వాతి ప్రశాంతతలో, అంతకుముందు యుద్ధాల కాలంలో కన్నా ఎక్కువమంది చేరారు. మక్కా మిత్రపక్షం ఒప్పందాన్ని ఉల్లంఘించడంతో 630లో పదివేల మందితో మక్కాకు వెళ్లారు. చిన్న ఘర్షణ తప్ప ఊరు లొంగిపోయింది. పాత శత్రువుల్లో చాలామందికి క్షమాభిక్ష దొరికింది. కాబాలోని విగ్రహాలు తీసేశారు. 632లో ప్రవక్త మదీనాలో కన్నుమూశారు.

ముస్లింల ముఖ్యమైన నమ్మకాలేమిటి?

అన్నిటికీ మూలం తౌహీద్, అంటే దేవుడు ఒక్కడే, సాటి లేడు, సంతానం లేదు, రూపం లేదు అనే నమ్మకం. దానితో పాటు దైవదూతలు, దైవగ్రంథాలు, ప్రవక్తలు, తీర్పుదినం, విధి. ఖురాన్ పాతిక మంది ప్రవక్తల పేర్లు చెబుతుంది. ఆదం, నూహ్, ఇబ్రాహీం, మూసా, ఈసా వాళ్లలో ఉన్నారు. బైబిల్ చదివినవాళ్లు వీళ్లను ఆదాము, నోవహు, అబ్రాహాము, మోషే, యేసుగా వెంటనే గుర్తుపడతారు. ముహమ్మద్ ఆ వరసలో చివరివారు. ఆయన దేవుడి అంశ కాదు, మనిషే. ఆయనను పూజించడం ఇస్లాంలో తప్పు.

యేసు గురించి ఏమంటారు?

కన్య మర్యమ్‌కు పుట్టారని, అద్భుతాలు చేశారని, మెస్సయ్య అని ఒప్పుకుంటారు. దేవుని కుమారుడని, త్రిత్వంలో భాగమని ఒప్పుకోరు. సిలువ మీద చనిపోలేదని ఖురాన్ అంటుంది. ఖురాన్ మొత్తంలో పేరుతో ప్రస్తావించిన ఏకైక స్త్రీ మర్యమ్.

అయిదు మూలస్తంభాలు ఏవి?

షహాదా, అంటే అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యం చెప్పడం. రోజుకు అయిదు పూటల నమాజ్. రంజాన్ నెలంతా తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా రోజా, మంచినీళ్లు కూడా ముట్టరు. రోగులకు, ప్రయాణికులకు, గర్భిణులకు మినహాయింపు ఉంది. స్తోమత ఉంటే జీవితంలో ఒకసారి హజ్, అంటే మక్కా యాత్ర.

జకాత్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది ఇష్టమైతే చేసే దానధర్మం అనుకుంటారు. అది విధి. నిర్ణీత మొత్తానికి మించిన నగదు, బంగారం, వ్యాపార సరుకు ఒక చాంద్ర సంవత్సరం పాటు చేతిలో ఉంటే అందులో రెండున్నర శాతం ఇచ్చి తీరాలి. బంగారంలో ఆ హద్దు సుమారు 85 గ్రాములు. వాన మీద పండిన పంటలో పదో వంతు, నీళ్లు తోడి పండించిన పంటలో ఇరవయ్యో వంతు. రైతు కష్టాన్ని బట్టి రేటు తగ్గించడం నాకు నచ్చిన వివరం. ఎవరికి ఇవ్వాలో కూడా ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు, దారిలో చిక్కుకున్న బాటసారులు అందులో ఉన్నారు.

కాబాను పూజిస్తారా?

లేదు. అది నమాజ్‌లో తిరగాల్సిన దిక్కు మాత్రమే. మదీనాకు వచ్చిన కొత్తలో జెరూసలేం వైపు తిరిగేవాళ్లు. 624 ప్రాంతంలో అది మక్కా వైపుకు మారింది.

ఖురాన్ ఎవరు రాశారు? హదీసులు వేరా?

ఖురాన్ దేవుడి మాట అని, ఇరవై మూడేళ్ల పాటు కొద్దికొద్దిగా ప్రవక్త మీద అవతరించిందని ముస్లింలు నమ్ముతారు. అనుచరులు కంఠస్థం చేసేవాళ్లు, తోళ్ల మీద, ఖర్జూర మట్టల మీద, ఎముకల మీద రాసుకునేవాళ్లు. 633 నాటి యమామా యుద్ధంలో కంఠస్థం చేసినవాళ్లు చాలామంది పోవడంతో అబూ బకర్ దాన్ని ఒకచోట కూర్చే పని జైద్ బిన్ సాబిత్‌కు అప్పగించారు. 650 ప్రాంతంలో మూడో ఖలీఫా ఉస్మాన్ ఒకే పాఠాన్ని ఖాయం చేసి పెద్ద ఊళ్లకు ప్రతులు పంపారు. ఇది సంప్రదాయం చెప్పే కథ. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్న కొన్ని ఖురాన్ తోలు పత్రాలను కార్బన్ పరీక్ష చేస్తే ఆ తోలు 568, 645 మధ్యదని తేలింది. పాఠం చాలా ముందే రాతలోకి వచ్చిందనడానికి అది బలమైన ఆధారం. మొత్తం 114 సూరాలు. కాలక్రమంలో కాకుండా ఇంచుమించు పెద్దవి ముందు, చిన్నవి వెనక ఉంటాయి. అందుకే మొదటిసారి చదివేవాళ్లు తికమకపడతారు.

హదీసులు ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ వరస మొత్తం ప్రతి హదీసు ముందూ ఉంటుంది. సున్నీలు అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే సంకలనం చేసిన బుఖారీ 870లో చనిపోయారు, అంటే ప్రవక్త తర్వాత రెండు శతాబ్దాల పైమాట. ఏది ఎంత నమ్మదగినదో తేల్చడానికి ముస్లిం పండితులే ఒక శాస్త్రం కట్టుకున్నారు.

సున్నీ, షియా తేడా ఎక్కడ మొదలైంది?

ప్రవక్త తర్వాత నాయకుడు ఎవరన్న దగ్గర. కొందరు వెంటనే సమావేశమై అబూ బకర్‌ను ఎన్నుకున్నారు. ప్రవక్త అల్లుడు, పెదనాన్న కొడుకు అయిన అలీనే ప్రవక్త స్వయంగా చెప్పి వెళ్లారన్నది షియాల విశ్వాసం. అబూ బకర్, ఉమర్, ఉస్మాన్ తర్వాత 656లో అలీ ఖలీఫా అయ్యారు. అంతర్యుద్ధం వచ్చింది, 661లో ఆయన హత్యకు గురయ్యారు. అధికారం సిరియా గవర్నర్ ముఆవియా చేతికి, దమాస్కస్‌కు పోయింది. ఉమయ్యద్ వంశపాలన అలా మొదలైంది.

అంత తక్కువ కాలంలో అంత పెద్ద రాజ్యం ఎలా వచ్చింది?

ఎదుటివాళ్లు అప్పటికే కుదేలై ఉన్నారు. బైజాంటిన్లు, సాసానియన్లు 602 నుంచి 628 దాకా ఒకరినొకరు చావబాదుకున్నారు. ఖజానాలు ఖాళీ, పైగా ప్లేగు. ఈజిప్టు, సిరియాల్లోని చాలామంది క్రైస్తవులకు క్రీస్తు స్వభావం గురించిన తగాదాలో కాన్‌స్టాంటినోపుల్‌తో పడేది కాదు. ఇటు అరబ్ తెగలు మొదటిసారి ఒకే నాయకత్వం కిందికి వచ్చాయి. విశ్వాసం, దోపుడు సొమ్ము, ఖాలిద్ బిన్ వలీద్ లాంటి సేనానులు, ఎడారిలో దారి తెలిసిన ఒంటెల దండు, అన్నీ కలిశాయి. 636లో యర్మూక్ దగ్గర బైజాంటిన్లు ఓడారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఖాదిసియా దగ్గర సాసానియన్లు ఓడారు. 642 కల్లా ఈజిప్టు చేతికొచ్చింది. 651లో చివరి సాసానియన్ రాజు మెర్వ్ దగ్గర హతుడయ్యాడు. 711లో ఒకవైపు స్పెయిన్‌లో తారిక్ అడుగుపెట్టాడు, ఇంచుమించు అప్పుడే సింధ్ మీదికి ముహమ్మద్ బిన్ ఖాసిం వచ్చాడు.

అయితే మతం కత్తితోనే వ్యాపించిందన్నమాటేగా?

రాజ్యం కత్తితో వ్యాపించింది, అందులో సందేహం లేదు. మతం అంత వేగంగా వ్యాపించలేదు. గెలిచిన అరబ్బులు కూఫా, బస్రా, ఫుస్తాత్ లాంటి దండు పట్టణాల్లో విడిగా ఉండేవాళ్లు. స్థానిక క్రైస్తవులు, యూదులు, జొరాస్ట్రియన్లు ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను కట్టి తమ మతంలో తాము ఉండేవాళ్లు. సమాన హోదా మాత్రం ఉండేది కాదు. మతం మారితే ఖజానాకు నష్టం. ఎంత నష్టమంటే కొందరు గవర్నర్లు మారినవాళ్ల దగ్గర కూడా జిజియా వసూలు చేశారు. ఖలీఫా రెండో ఉమర్ (717–720) దాన్ని ఆపమని ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది. ఈజిప్టు, ఇరాన్‌లలో ముస్లింలు మెజారిటీ కావడానికి శతాబ్దాలు పట్టింది. పన్ను తప్పించుకోవడం, కొలువు, పెళ్లిళ్లు, నిజమైన నమ్మకం, సూఫీల బోధ, అప్పుడప్పుడు ఒత్తిడి, ఇవన్నీ కారణాలే. ఇప్పుడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ముస్లింలున్న దేశాల్లో ఒకటైన ఇండోనేషియాకు ఏ అరబ్ సైన్యమూ పోలేదు, వర్తకులూ బోధకులూ పోయారు.

ఈ నింపాదితనాన్ని నాణేల మీద చూడొచ్చు. ఇరాన్, ఇరాక్‌లలో అరబ్ గవర్నర్లు కొట్టించిన తొలి వెండి దిర్హంల మీద ఒకవైపు కిరీటం పెట్టుకున్న సాసానియన్ రాజు బొమ్మ, రెండోవైపు అగ్నివేదిక, దానికి చెరోపక్క ఒక కాపలాదారు అలాగే ఉన్నారు. అంచున చిన్న అరబ్బీ అక్షరాల్లో "బిస్మిల్లా" అని మాత్రం చేర్చారు. ప్రవక్త పోయాక అరవై ఏళ్లు దాటాక, 690ల చివర్లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలన్నీ తీసేసి అరబ్బీ వాక్యాలు మాత్రమే ఉన్న నాణేలు తెచ్చాడు. జెరూసలేంలో బంగారు గుమ్మటం కట్టించిందీ ఆయనే. ప్రభుత్వ లెక్కలు గ్రీకు, పారశీకాల నుంచి అరబ్బీలోకి మారిందీ ఆయన హయాంలోనే.

దక్షిణ భారతానికి ఎప్పుడు వచ్చింది?

సముద్రం మీద, సింధ్ దండయాత్రతో సంబంధం లేకుండా. అరబ్ నావికులు ఇస్లాంకు ముందు నుంచే మలబార్ మిరియాల కోసం వచ్చేవాళ్లు. కొడుంగల్లూరు చేరమాన్ మసీదు 629 నాటిదని స్థానిక సంప్రదాయం, చరిత్రకారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. గట్టి ఆధారం కావాలంటే కొల్లంలో ఒక చర్చికి 849లో ఇచ్చిన రాగి శాసనాలు చూడాలి. వాటి సాక్షి సంతకాల్లో అరబ్బీ కూఫీ లిపి, పహ్లవీ (పాత పారశీకం), హీబ్రూ లిపి పక్కపక్కనే ఉన్నాయి. తెలుగు నేలలో ముస్లిం పాలన చాలా ఆలస్యం, 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాక.

పీర్ల పండుగకూ ఈ కథకూ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. 680 అక్టోబరు 10న, అంటే హిజ్రీ 61 మొహర్రం పదో రోజున, ఇరాక్‌లోని కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్‌ను ఉమయ్యద్ ఖలీఫా యజీద్ సైన్యం చంపింది. ఆయన వెంట ఉన్నది డెబ్బై రెండు మంది అని సంప్రదాయం. యూఫ్రటీస్ నది పక్కనే ఉన్నా మూడు రోజులు నీళ్లు అందనివ్వలేదు. మొహర్రంలో దారిన పోయేవాళ్లకు షర్బత్ పంచడం ఆ దాహాన్ని తలుచుకునే. షియాలైన గోల్కొండ కుతుబ్‌షాహీలు ఈ సంతాపాన్ని రాజలాంఛనాలతో జరిపారు. ముహమ్మద్ కులీ కట్టించిన బాద్‌షాహీ అషుర్‌ఖానా హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉంది. తెలుగు పల్లెల్లో అది పీర్లు, అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఆటలు, మొక్కులుగా మారింది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరుకు హిందువులే వేలల్లో వస్తారు.

ఇది ఇస్లాం కాదని అభ్యంతరపెట్టే ముస్లింలు చాలామందే ఉన్నారు. సున్నీల్లో చాలామంది మొహర్రం పదో రోజు, దానికి ముందు రోజు ఉపవాసం ఉంటారు. ఆ ఉపవాసానికి కర్బలాతో సంబంధం లేదు. మూసాను, ఆయన ప్రజలను దేవుడు ఫరో నుంచి కాపాడిన రోజుగా ప్రవక్తే దాన్ని పాటించారని హదీసులు చెబుతాయి.